ఫంగాయితిలో అరగంట ఆలస్యం

ఆ శనివారం పొద్దున పదిన్నరకల్లా ఫువాతినో ఎర్రగుడ్డ కట్టి ఉండాల్సింది. కట్టలేదు.

ఫంగాయితి ఒడ్డున ఆ పని ఆమెదే. భర్త చనిపోయిన ఏడాది ఊరిపెద్దలు ఆమెకి అప్పగించారు, పదకొండేళ్ళుగా ఆమే చేస్తోంది. ఈతకొచ్చేవాళ్ళకి నీళ్ళలోకి చూసే మాస్కులూ ఊపిరి గొట్టాలూ ఇవ్వడం, తిరిగొచ్చాక మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టడం, ఎక్కడ దిగాలో ఎక్కడికి పోకూడదో చెప్పడం. కొబ్బరాకు కప్పిన చిన్న ఫలే ఆమెది, గోడల్లేని ఇల్లు. అందులో చాప మీద కూర్చుంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్ళన్నీ కనబడతాయి.

బయట సముద్రం ఎన్ని రంకెలేసినా ఫంగాయితి లోపలి నీరు పళ్ళెంలో పోసినట్టు ఉంటుంది. పగడపు కట్ట అడ్డంగా ఉండి అలల్ని బయటే ఆపేస్తుంది. ముసలివాళ్ళు కూడా మెడలోతులో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఒక్క తూర్పు కొసనే కట్టకి గండి ఉంది, రెండు పడవలు పక్కపక్కన పట్టేంత. దూరాన ఎక్కడో తుఫాను రేగి పెద్ద అలలు కట్ట మీదుగా దూకిన రోజున లోపల నీరు నిండిపోతుంది. పాటు మొదలై సముద్రం వెనక్కి తీసేటప్పుడు ఆ నీరంతా ఆ గండిలోంచే బయటికి పరిగెడుతుంది. పైకి ఏమీ తెలియదు. మిగతా చోట్లకంటే అక్కడే నీరు నున్నగా, అందంగా కనిపిస్తుంది. అలాంటి రోజున ఒడ్డునున్న గుంజకి ఎర్రగుడ్డ కడితే ఇక ఎవరూ నీళ్ళలోకి దిగరు. దిగినవాళ్ళు బయటికొచ్చేస్తారు.

ఆ శనివారం ఊరి మహిళా కమిటీ ఇళ్ళు చూడటానికి వచ్చే రోజు. ఎవరింట్లో దుప్పట్లు ఉతికారు, ఎవరి పెరడు ఊడ్చారు అని నెలకోసారి వచ్చి చూస్తారు. ఫువాతినో తెల్లారకముందే లేచి తలగడ గలీబులన్నీ మార్చింది. గిన్నెలు తోముతుండగా ముగ్గురు నర్సులొచ్చారు, అపియా ఆస్పత్రి నుంచి, సెలవు రోజని.

అందులో పొట్టిగా, నవ్వుమొహంతో ఉన్న పిల్ల మాస్కు మొహానికి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. పేరు అపౌలా.

"పిన్నీ, ఇది పెట్టుకుంటే కప్పలా ఉన్నానా?"

"కప్పకి ఈతొచ్చు తల్లీ. నీకొచ్చా?"

మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. "మా వార్డులో పొద్దస్తమానం ఈదుతూనే ఉంటాం పిన్నీ, పనిలో," అంది ఒకతె.

"వాగులో నేర్చుకున్నాను," అంది అపౌలా. "మాది తనుమౌంగా. మా కొండమీద నీళ్ళంటే వాన, లేకపోతే వాగు. సముద్రంలో మొహం పెట్టి చూడటం ఇదే మొదలు. పెద్ద ఆల్చిప్పలున్నాయట కదా, నీలం పెదాలతో?"

ఫువాతినో చెయ్యి తుడుచుకుని ఆ పిల్ల తల వెనక పట్టీ బిగించింది. జుట్టు ఇరుక్కోకుండా చెవి వెనక్కి తోసింది. "అదిగో ఆ నల్లరాయి కనబడుతోందా? దానవతల ఐదున్నాయి. అక్కడిదాకానే. అవి దాటితే గండి. ఆల్చిప్పలు చూసి వెనక్కొచ్చెయ్."

"సరే పిన్నీ."

వాళ్ళు దిగారు. కాసేపటికే కట్ట మీద అల పడే చప్పుడు మారింది. ముందు చప్పట్లు కొట్టినట్టు ఉండేది, ఇప్పుడు ఎవరో బస్తాలు దింపుతున్నట్టుంది. ఆ చప్పుడు ఫువాతినోకి తెలుసు. పాటు మొదలయ్యే వేళ కూడా తెలుసు. పెట్టెలో గుడ్డ తీయబోయింది. అంతలో కమిటీ వచ్చింది.

"ఫువాతినో, నీ దుప్పట్లు సముద్రాన్ని చూసినంతగా సబ్బుని చూసినట్టు లేదే!" అంది కమిటీ పెద్దావిడ, మెట్టు ఎక్కుతూనే.

"మీ కళ్ళజోడు ముందు సబ్బుతో కడుక్కోండి, తర్వాత నా దుప్పట్లు చూద్దురు గాని!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వీళ్ళు వెళ్ళగానే కడదాం అనుకుంది. వాళ్ళు పెరడు చూశారు, వంటపాక చూశారు, గిన్నె తిరగేసి మసి చూశారు. కోకో తాగి వెళ్ళమంది ఆమె, మర్యాదకి. వాళ్ళు కూర్చున్నారు. అలా అరగంట గడిచింది.

తర్వాత నీళ్ళవైపు నుంచి కేక వినబడింది.

ఇద్దరు నర్సులు నల్లరాయిని కౌగిలించుకుని ఉన్నారు. మూడో పిల్ల కనబడలేదు. ఫువాతినో అన్న ఇయోసెఫో, ఇంకా నలుగురు మగవాళ్ళు పడవ తోసుకుంటూ గండి దాటి వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చారు. పడవలో అపౌలా మీద ఎవరో తన నడుముకి చుట్టుకున్న లావలావా విప్పి కప్పారు. ఫువాతినో పడవ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల మెడకి ఇంకా వేలాడుతున్న మాస్కు పట్టీని తనే విప్పింది.

పోలీసులొచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్ళారు. "పిన్ని మాకు చెప్పింది, ఆల్చిప్పలు దాటొద్దని. మేమే వినలేదు," అని ఏడ్చారు ఆ ఇద్దరు పిల్లలూ. ఊరంతా ఫువాతినోని ఓదార్చింది. ఎర్రగుడ్డ మాట ఎవరికీ తట్టలేదు. కేక వినగానే ఆమె పరిగెత్తుతూ గుడ్డ కట్టేసింది. జనం పోగయ్యేసరికి అది గుంజ మీద ఎగురుతూనే ఉంది.

ఆదివారం చర్చిలో ఆమె పాట పాడలేకపోయింది. ఇంటికొచ్చి అందరూ భోజనాలు చేశాక, అన్న కాళ్ళు చాపి కూర్చున్న చోటికి వెళ్ళి కూర్చుంది. వదిన మెలే ఆకులు ఎత్తుతోంది.

"అన్నయ్యా, గుడ్డ నేను ముందు కట్టలేదు. కేక విన్నాక కట్టాను."

ఇయోసెఫో కాళ్ళు మడిచి సరిగ్గా కూర్చున్నాడు. ఆ ఇంటికి అతనే మతాయి, కుటుంబం మొత్తం తరఫున మాట్లాడవలసినవాడు.

"నీకు తెలియలేదా, నీరు లాగుతుందని?"

"తెలిసింది. చప్పుడు విన్నాను. కమిటీ వాళ్ళతో నవ్వుతూ కూర్చున్నాను."

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

మెలే ఆకులు కింద పెట్టేసింది. "చెప్పకు కూడా. పోలీసులే ప్రమాదమని రాసుకుపోయాక నువ్వు నెత్తిన వేసుకోవడమెందుకు? ఆ పిల్ల ఎలాగూ రాదు. కొండవాళ్ళు కోపిష్ఠులు, ఫువాతినో. కత్తులతో వస్తే మీ అన్న ఒక్కడే అడ్డం నిలబడాలి."

"నువ్వు కాసేపు ఊరుకో," అన్నాడు ఇయోసెఫో. భార్యని కసురుకోలేదు, మెల్లిగానే అన్నాడు. తర్వాత లేచి, లోపలి దూలం మీద నుంచి చుట్ట చుట్టిన పెద్ద చాప దింపాడు. వాళ్ళ నాయనమ్మ నేసింది, పట్టులా మెత్తన. పెళ్ళికో చావుకో తప్ప తీయరు దాన్ని.

"రేపు మన కుటుంబం తనుమౌంగా వెళ్ళి చాప కింద తల వంచాలి," అన్నాడు.

ఫువాతినో తల ఊపింది. "చాప కింద నేను కూర్చుంటాను."

"అది మతాయి కూర్చోవలసిన చోటు. నువ్వు ఇంట్లో ఉండు."

"తప్పు నాది అన్నయ్యా. నీ వీపు చాటున దాక్కోలేను."

అక్కడ చెల్లెలి కోసం తల వంచడం అన్నకి చిన్నతనం కాదు. కానీ చెల్లెలు పట్టుబడితే కాదనడానికి అన్నకి నోరు రాదు.

తెల్లవారుతుండగా కొండెక్కారు. పికప్పు ఊరి బయటే ఆపి, నడిచి వెళ్ళి అపౌలా ఇంటి ముందు గడ్డిలో కూర్చున్నారు, తొమ్మిదిమంది. ముందు పొయ్యిరాళ్ళు, కట్టెల మోపు పెట్టారు. కాల్చుకు తిన్నా మీ ఇష్టం అని చెప్పడానికి అదే పద్ధతి. ముందు వరసలో అన్నా చెల్లెలూ పక్కపక్కన తలలు వంచుకున్నారు. పైన చాప కప్పారు. ఇఫోంగా అంటే ఇంతే. నోటితో ఏమీ అడగరు. ఆ ఇంటివాళ్ళు వచ్చి చాప ఎత్తేదాకా కూర్చుంటారు, లేదా కొట్టేదాకా.

చాప కింద మొగలి ఆకు వాసన. ఫువాతినోకి తన ఊపిరే వినబడుతోంది. కోడి కూసింది. ఇంట్లో ఎవరో లేచారు, ఎవరో ఎవరినో పిలిచారు, తర్వాత అడుగులు గబగబా దగ్గరికొచ్చి ఆగాయి.

"వచ్చారు చూడండి! అక్కని ముంచేసి చాప కప్పుకొచ్చారు!" ఎవరో కుర్రవాడి గొంతు, పగిలిపోతూ. మరుక్షణం ఇయోసెఫో భుజం మీద రాయి పడిన చప్పుడు. అతను మూలిగాడు, కదల్లేదు. ఫువాతినో అతని చెయ్యి పట్టుకోబోయింది. "వద్దు," అన్నాడు గుసగుసగా, "కదలకు."

"చాల్లే! లోపలికి రా!" అని ఒక పెద్దాయన అరిచాడు. అడుగులు వెనక్కి వెళ్ళాయి.

ఎండెక్కింది. కాళ్ళు మొద్దుబారాయి. మధ్యలో కొండవాన ఒక్కసారి కుమ్మరించి పోయింది, చాప తడిసి రెట్టింపు బరువైంది. ఇంట్లోంచి పెద్దమనుషుల గొంతులు వస్తూ పోతూ ఉన్నాయి, వాదులాడుకుంటున్నారు. ఎంతసేపయిందో ఆమెకి తెలియదు. చాప కింద చీకటిలో ఆ పిల్ల చెవి వెనక్కి జుట్టు తోసిన తన వేళ్ళే గుర్తొచ్చాయి ఆమెకి. పట్టీ బాగా బిగించాను, అనుకుంది. అదొక్కటి బాగా చేశాను.

చాప అంచు లేచింది. వెలుగుకి కళ్ళు చికిలించింది. ఎదురుగా ఒక ఆడమనిషి, యాభై ఏళ్ళుంటాయి, నల్లబట్టలు, జుట్టు ముడి వేసుకోలేదు. అపౌలా నవ్వుమొహం ఈమెదే, నవ్వు లేదంతే. ఆ పిల్ల తల్లి, పేరు సూలియా.

"ఒడ్డున ఉండేది ఎవరు?"

"నేనే."

"ఏం చెయ్యలేదు నువ్వు?"

"ఎర్రగుడ్డ కట్టలేదు. కడితే వాళ్ళు బయటికొచ్చేసేవాళ్ళు."

"ఎంత ఆలస్యం చేశావు?"

"అరగంట."

"ఎందుకు?"

ఫువాతినోకి అబద్ధం చెప్పాలనిపించింది. ఒంట్లో బాగోలేదనో, గుడ్డ కనబడలేదనో. "ఇంటికొచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ కూర్చున్నాను," అంది.

సూలియా తడిగడ్డిలో కూలబడిపోయింది. ఏడవలేదు.

"ఈ మాట నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది.

"తెలిసేది కాదు."

"మా అన్నయ్య, మా పెద్దలు క్షమించామంటున్నారు. అది వాళ్ళ మాట. నేనింకా క్షమించలేదు. విన్నావా? కానీ ఎండలో కూర్చోబెట్టి చూడలేను. లే. లోపలికి రండి."

లోపల మాటలయ్యాయి, పద్ధతి ప్రకారం. సూలియా అన్న లేచి, ఈ రోజుతో ఇరు కుటుంబాల మధ్యా ఏ పగా లేదన్నాడు. ఇయోసెఫో కన్నీళ్ళతో బదులు చెప్పాడు. రాయి వేసిన కుర్రవాడు, అపౌలా తమ్ముడు, వచ్చి ఇయోసెఫో భుజానికి ఆకుపసరు రాశాడు. టారో దుంపలు, కోకో పెట్టారు. ఫువాతినో తన దుంప తీసి పక్కనున్న అన్న ఆకులో పెట్టింది. సూలియా గుంజకి ఆనుకుని, ఆమె వైపు చూడకుండా కూర్చుంది.

ఊరి పంచాయతీ ఆర్నెల్లు ఫంగాయితిలో ఈత మాన్పించింది. మళ్ళీ తెరిచాక ఆ పని వేరే ఎవరికైనా ఇవ్వమంది ఫువాతినో. "నీకంటే జాగ్రత్తగా ఇక ఎవరు చూస్తారు?" అన్నారు పెద్దలు. చూసింది. నీళ్ళు కొంచెం మసకబారినా గుడ్డ కట్టేసేది. "ఇలాగైతే బకెట్లో ఈదాల్సిందే," అని కుర్రాళ్ళు సణిగేవాళ్ళు. ఆమె మాత్రం మోకాలు దాటి నీళ్ళలోకి దిగలేదు.

ఆ శనివారం తర్వాత తొమ్మిదో నెలలో ఒక బుధవారం, పొద్దుటి బస్సులోంచి సూలియా దిగింది. ఒక్కతే. చేతిలో టారో దుంపల బుట్ట.

ఫువాతినో లేచి నిలబడింది. "రండి, కూర్చోండి," అంది. కొత్తచాప పరిచింది.

"కూర్చోడానికి రాలేదు," అంది సూలియా. నీళ్ళవైపు చూసి వెంటనే మొహం తిప్పుకుంది. "నా కూతురు వచ్చేముందు వారం పాటు ఇదే గోల. అమ్మా, ఆల్చిప్పలట, నీలం పెదాలట అని. నేను దుంపలు చెక్కుతూ ఊఁ కొట్టాను, వినలేదు. అదేం చూడ్డానికి వచ్చిందో నాకు చూపించు."

"మీకు ఈతొచ్చా?"

"రాదు. వాగులో బట్టలుతుకుతానంతే."

ఫువాతినో ఒక అడుగు వెనక్కి వేసింది. "నావల్ల కాదమ్మా. మా అన్నయ్య తీసుకెళ్తాడు."

"మీ అన్నయ్య ఎందుకు? చెయ్యి పట్టుకోవాల్సింది నువ్వు."

అప్పుడే పోటు నిండుగా ఉంది. సముద్రం కట్టవతల నిద్రపోతున్నట్టుంది. అయినా ఫువాతినో ఇయోసెఫోని పిలిచింది. అతను నీళ్ళకేసి, ఆకాశంకేసి, మళ్ళీ నీళ్ళకేసి చూసి, "గంటన్నర దాకా భయం లేదు," అన్నాడు. ఒక లారీ ట్యూబు ఊది తెచ్చాడు. తను పడవ వేసుకుని గండి నోటికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

ఇద్దరూ చొక్కా, లావలావాలతోనే దిగారు. నడుములోతులో ఫువాతినో సూలియాకి మాస్కూ గొట్టమూ పెట్టి పట్టీ బిగించింది. రెండుసార్లు జారితే మళ్ళీ బిగించింది.

"నోటితోనే ఊపిరి తీసుకోండి. ముక్కుని మర్చిపోండి."

సూలియా మొహం నీళ్ళలో పెట్టి వెంటనే పైకి లేచింది, దగ్గుతూ. "పందికి పడిశం పట్టినట్టుంది చప్పుడు!"

"అందరికీ అంతే ముందు. ఇంకోసారి."

నాలుగోసారికి కుదిరింది. ట్యూబు మీద సూలియా బోర్లా పడుకుంది. ఫువాతినో ఒక చేత్తో ట్యూబు, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. సూలియా వేళ్ళు ఎముక విరిగేలా బిగించాయి. కొంచెం దూరం వెళ్ళాక ఫువాతినో కూడా మొహం నీళ్ళలో పెట్టింది, తొమ్మిది నెలల తర్వాత.

కింద ఇసుక తెల్లగా, చారలు చారలుగా ఉంది. తర్వాత పగడాలు, పసుపువి, ఊదావి, కొమ్మలుగా, బోర్లించిన గిన్నెల్లా. చిన్న చిన్న నీలం చేపలు ఒక్కసారిగా విచ్చుకుని మళ్ళీ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. ఒక చిలకచేప పగడాన్ని పటపటా కొరికింది, ఆ చప్పుడు చెవులకి స్పష్టంగా వచ్చింది. సూలియా వేళ్ళు నెమ్మదిగా వదులయ్యాయి.

నల్లరాయి పక్క నుంచి చుట్టి వెళ్ళారు. ఆల్చిప్పలు అక్కడే ఉన్నాయి. ఐదు. రెండు చేతులు చాపినా కౌగిట పట్టనంత పెద్దవి, సగం తెరుచుకుని. లోపల మెత్తటి పెదాలు, నీలం, మధ్యలో ఆకుపచ్చ చుక్కలు. వాళ్ళ నీడ పడగానే అవి కొద్దిగా ముడుచుకున్నాయి. నీడ జరగ్గానే మళ్ళీ తెరుచుకున్నాయి. సూలియా చాలాసేపు చూసింది. తర్వాత ఆమె భుజాలు అదరడం ఫువాతినో చేతికి తెలిసింది.

పైకి లేపి, రాయికి ఆనించి నిలబెట్టింది. మాస్కులో కన్నీళ్ళు నిండి కళ్ళు కనబడటం లేదు. విప్పి, వంపి, మళ్ళీ చేతికిచ్చింది.

"ఇవి చూసిందా అది?" అంది సూలియా. "నిజం చెప్పు. నా మనసు కుదుటపడాలని చెప్పకు."

ఫువాతినో ఆలోచించింది. "నేను చూడలేదు. కానీ ఆ ఇద్దరు పిల్లలూ ఈ రాయి దగ్గరే దొరికారు. గండి ఇవి దాటాకే వస్తుంది. మీ అమ్మాయి ముందు ఈదుతోందట. ఇవి చూసే ఉంటుంది."

"దాటి ఎందుకు వెళ్ళింది?"

"వెళ్ళలేదు. నీరే తీసుకెళ్ళింది. వీటి మీద తేలుతూ చూస్తుంటే తెలియకుండానే లాగేస్తుంది. అందుకే గుడ్డ కట్టేది."

సూలియా అటువైపు చూసింది. గండి నోట్లో ఇయోసెఫో పడవ, దానిలో నిలబడి వాళ్ళవైపే చూస్తున్న ఇయోసెఫో. ఇంకేమీ లేదక్కడ, నీలంగా నీళ్ళంతే.

"ఇంకొక్కసారి చూస్తాను," అంది.

ఈసారి మాస్కు తనే పెట్టుకుంది. ఫువాతినో చెయ్యి అందించేలోపు తనే అందుకుంది.

ఒడ్డుకొచ్చాక మెలే వేడి కోకో, కాల్చిన చేప, సూలియా తెచ్చిన దుంపలే ఉడికించి పెట్టింది. చేపలో ఉప్పు తక్కువైందంది సూలియా. "ఇప్పటిదాకా ఉప్పునీళ్ళు మింగారుగా, ఇంకా ఉప్పు కావాలా?" అంది మెలే అలవాటుగా, అనేసి నాలుక కరుచుకుంది. సూలియా చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి ఫువాతినో తల తిప్పుకుంది. అది ఆ పిల్ల నవ్వే.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. మెట్టు మీద డ్రైవరు అడ్డుపడ్డాడు. "తడిబట్టలతో ఎక్కకూడదమ్మా, సీట్లు పాడైపోతాయి."

"సముద్రంలోంచి వస్తున్నాను నాయనా. సముద్రంలోకి దిగి పొడిగా రావాలంటే ఎలా?"

బస్సంతా నవ్వింది. డ్రైవరు దారిచ్చాడు. సూలియా కిటికీ పక్కన కూర్చుని, బయట నిలబడ్డ ఫువాతినోని పిలిచింది.

"ఇదిగో, అక్కా."

ఆ పిలుపు వినగానే ఫువాతినో కిటికీ దగ్గరికి నడిచింది.

"క్షమించావా అని అడగవేం?"

"అడిగే హక్కు నాకు లేదు."

"అడగకు. కొన్నాళ్ళు క్షమిస్తున్నాను, కొన్నాళ్ళు లేదు. పొద్దున లేచేదాకా నాకే తెలియదు." బస్సు ఇంజను గట్టిగా అరిచింది. సూలియా గొంతు పెంచింది. "వచ్చే నెల దాని తమ్ముణ్ణి తీసుకొస్తాను. మీ అన్నయ్య మీద రాయి వేసినవాణ్ణి. వాడికీ చూపించాలి. పోటు ఏ వేళకో చూసి కబురు పంపు."

"పంపుతాను," అంది ఫువాతినో.

బస్సు కొండదారి పట్టింది. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఫువాతినో అక్కడే నిలబడింది. తర్వాత నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. పడవ పైకి లాగడానికి ఇయోసెఫో ఒక్కడే తంటాలు పడుతున్నాడు. ఆమె నడుములోతుకి దిగి, అవతలి వైపు పట్టింది.